పెద్దాయన టీవీ, చిన్నాయన ఫోను

నా ఉద్యోగం పేరేమిటో నాకు చివరిదాకా సరిగ్గా తెలియదు. ఆఫీసులో అందరూ ‘కంట్రోల్ రూమ్ అక్క’ అనేవాళ్లు. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ ‘మా అమ్మాయి టీవీలో చేస్తది’ అని చెప్పుకునేది. వాళ్లు నన్ను వార్తలు చదివే మనిషనుకుని చూడ్డానికి వచ్చి, కాఫీ తాగి, ‘తెర మీద వేరేగా కనబడతావమ్మా’ అని మొహమాటంగా అనేసి వెళ్లేవాళ్లు. నేను తెర మీద ఏనాడూ కనబడలేదు.

నరసరావుపేటలో ఒక కేబుల్ ఆఫీసులో నేను చేరింది తెర అడుగున పరుగెత్తే అక్షరాలు టైపు చెయ్యడానికి. ఫలానా కొట్లో పట్టుచీరలు తగ్గింపు ధరకి, ఫలానా వీధిలో నల్ల గేదె తప్పిపోయింది, ఎడమ కొమ్ము విరిగి ఉంటుంది, ఇలాంటివి. కంట్రోల్ రూమ్‌లో పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదుకో, పెద్ద చానెళ్లకో వెళ్లిపోతుంటే, వాళ్లు వదిలి వెళ్లిన మిషన్లు ఒక్కొక్కటే నా చేతికి వచ్చాయి. అడిగి నేర్చుకున్నవి కొన్ని, పాడుచేసి నేర్చుకున్నవి కొన్ని. పదవీ విరమణ నాటికి మా లోకల్ చానెల్ బొమ్మ ఏ ఇంటికి వెళ్లినా నా బల్ల మీదుగానే వెళ్లేది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, ‘మీ కాలంలో అన్నిటికంటే కష్టమైన లైవ్ ఏది మేడమ్?’ అని అడుగుతుంటారు. ఎన్నికల లెక్కింపనో, వరదలనో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది రెండు ఇళ్ల మధ్య వీధి గురించి.

మా ఓనరుగారిది వ్యాపార కుటుంబం. బట్టల కొట్టు తండ్రిది, కేబుల్ ఆయనది. జనం కేబుల్ తీయించేసి ఫోన్లలో చూసుకోవడం మొదలుపెట్టాక ఆయనకి బెంగపట్టుకుంది. ‘వాళ్లు టీవీ దగ్గరికి రాకపోతే మనమే ఫోన్లోకి పోదాం’ అని తీర్మానించి, హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరుని పిలిపించాడు. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, ఎప్పుడూ చెవిలో ఏదో ఒకటి పెట్టుకుని ఉండే కుర్రవాడు. కొన్ని నెలలు కూర్చుని మా చానెల్‌కి ఒక యాప్ తయారుచేశాడు.

మొదటి రోజు ఆఫీసంతా ఓనరుగారి గదిలో గుమికూడాం. ఎదురుగా గోడ మీద కేబుల్ టీవీ, ఆయన చేతిలో ఫోను. టీవీలో మా వార్తల అమ్మాయి నమస్కారం పెట్టి, మొదటి వార్త చదివేసి, రెండో వార్తలోకి వెళ్లింది. ఫోన్లో ఇంకా కారం పొడి ప్రకటనే నడుస్తోంది.

‘ఏందయ్యా ఇది? ఈ పిల్ల ఇంకా రాలేదేంది?’ అన్నాడు ఓనరుగారు.

‘వస్తుంది సార్, దారిలో ఉంది’ అన్నాడు ఇంజనీరు.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఎవరు ఆలస్యంగా వచ్చినా ‘దారిలో ఉన్నా’ అనడం మామూలైపోయింది.

సంగతేమిటంటే, కేబుల్ బొమ్మ తీగ వెంట సూటిగా ఇంటికి పోతుంది. ఫోన్ బొమ్మని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఇంటర్నెట్‌లో ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్‌కి పంపి, అక్కడి నుంచి మళ్లీ ఫోన్లకి పంపాలి. ఫోను కూడా వచ్చిన ముక్కని వచ్చినట్టు చూపించదు. మధ్యలో ఆగిపోకుండా కొన్ని ముక్కలు పోగేసుకుని అప్పుడు మొదలుపెడుతుంది. ఇదంతా కలిపి సుమారు అర నిమిషం ఆలస్యం. వార్తలు అర నిమిషం వెనకాల వస్తే ఎవరికేం నష్టం? మేమూ పట్టించుకోలేదు, చూసేవాళ్లూ పట్టించుకోలేదు. ఎడ్ల పందేలు పెట్టేదాకా.

పల్నాడు బయట పెరిగిన పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. మా వైపు తిరునాళ్లు వచ్చాయంటే బండలాగుడు పోటీలు ఉంటాయి. ఒంగోలు గిత్తల జత ఒకటి పెద్ద రాతి బండని ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత గొప్ప. పెట్టేదీ గెలిచేదీ రైతులే. కొడుకు పదో తరగతి మార్కులు మర్చిపోయినవాళ్లు కూడా తమ గిత్తలు ఏ ఊళ్లో ఎన్ని అడుగులు లాగాయో మర్చిపోరు. ఆ పోటీలు మేం లైవ్ ఇవ్వడం మొదలుపెట్టగానే యాప్‌కి గిరాకీ పెరిగింది. పొలం గట్ల మీద, ఆటోల్లో, మిరపకాయల కల్లాల్లో జనం ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఓనరుగారు రోజుకొకసారి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి ఊరికే నవ్వి వెళ్లేవాడు.

ఆ మరుసటి ఏడు ఒక పొద్దున బెల్లంకొండ వైపు ఊరి నుంచి ఒక పెద్దమనిషి మా ఆఫీసుకి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోను. ఓనరుగారు లేడు. ఎవరితో మాట్లాడాలని అడిగితే అందరూ నా వైపు చూపించారు.

‘బొమ్మ పంపేది నువ్వేనా అమ్మా?’

‘నేనే అన్నయ్యగారూ. కూర్చోండి.’

‘కూర్చోను. ఒక్క మాట చెప్పు. మా అన్న ఇంటికి ముందు పంపి, మిగిలింది మాకు పంపుతున్నారా?’

నాకు అర్థం కాలేదు. నా పక్కనే నిలబడి టీ తాగుతున్న మా లైన్‌మేన్‌కి మాత్రం వెంటనే అర్థమైంది. గ్లాసు కింద పెట్టి చల్లగా బయటికి జారుకున్నాడు.

ఆయన చెప్పుకుపోయాడు. అన్నదమ్ములిద్దరివీ ఎదురెదురు ఇళ్లు. మధ్యలో సన్నటి వీధి. ఇద్దరికీ గిత్తల జతలున్నాయి. అన్న ఇంట్లో కేబుల్ టీవీ ఉంది, ఈయన ఫోన్లో చూస్తాడు. ఏ పోటీ జరిగినా ముందు అన్న ఇంట్లో కేకలు వినబడతాయి. ఈయన ఫోన్లో ఆ సంగతి కనబడేది ఆ తర్వాతే.

‘పోయినేడు మా జత బరిలో ఉంది. చానా బాగా లాగుతున్నాయి. ఉన్నట్టుండి మా అన్న ఇంట్లో పేద్ద అరుపు. ఎందుకో అనుకున్నా. కాసేపటికి నా ఫోన్లో చూస్తే బండకి కట్టిన మా మోకు తెగిపోయింది. మోకు తెగితే పండగ చేసుకున్నారమ్మా వాళ్లు! నేను ఓడిపోయింది నాకంటే ముందు వాళ్లకి తెలిసింది.’

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది. ఆయన వేలు మాత్రం నా మొహం మీదే ఉంది.

బొమ్మని ముక్కలు చేసి పంపే సంగతి నాకు చేతనైనంత తేలికగా చెప్పాను. ఓపికగా విన్నాడు.

‘అయితే మా అన్న ఇంటికి ముక్కలు చెయ్యకుండానే పోతందా?’

‘అవునండీ, అది తీగ కాబట్టి...’

‘అదే నేనంటోంది. ఆయనకి నిండు బొమ్మ, నాకు ముక్కలు.’

‘మీరూ కేబుల్ పెట్టించుకుంటే సరిపోతుంది కదా అన్నయ్యగారూ?’

ఆయన నన్ను చూసిన చూపుకి, అడగకూడనిది అడిగానని తెలిసింది. తువ్వాలు దులుపుకుని, ‘మీ స్తంభం నా పొలంలో ఉంది, గుర్తుందా? అవతల ఊళ్లన్నిటికీ తీగ దాని మీదుగానే పోతంది. వచ్చే పందేల్లో కూడా అవతలింటి కేక నాకు ముందు వినబడితే ఆ స్తంభం పీకి మీ ఆఫీసు ముందు పడేస్తా’ అని చెప్పి వెళ్లిపోయాడు.

లైన్‌మేన్ తిరిగొచ్చి అసలు కథ చెప్పాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. ఆ వైపు ఊళ్లలో ఏ ఇంటి మీద ఏ తీగ ఉందో, ఏ ఇంటికి ఏ ఇంటితో మాటల్లేవో రెండూ అతనికి తెలుసు.

‘ఆయన్ని చిన్నాయన అంటారక్కా, అన్నని పెద్దాయన. పంపకాలప్పుడు మాటా మాటా వచ్చి విడిపోయారు. ఆనక ఒక పందెంలో బరి దగ్గరే చొక్కాలు పట్టుకున్నారు. పెద్దమనుషులు కూర్చుని, ఇద్దరిలో ఎవరూ ఇంక బరి దగ్గరికి పోగూడదు, గిత్తల్ని కొడుకులు తోలుకుపోవాలని తీర్పు చెప్పారు. అందుకే ఇద్దరూ ఇళ్లల్లో కూర్చుని చూస్తారు.’

‘మరి చిన్నాయన కేబుల్ ఎందుకు తీసుకోడు?’

‘తీగ పెద్దాయన డాబా మీద నుంచి లాగాలి గదక్కా. ఆ డాబా మీద నుంచి వచ్చేది గాలైనా వద్దంటాడు.’

స్తంభం సంగతి వినగానే ఓనరుగారి మొహంలో నవ్వు పోయింది. అది పోతే అవతల ఊళ్లన్నీ చీకటే. ఇంజనీరుని పిలిచి, ‘ఫోన్‌కి కూడా కేబుల్‌తో పాటే పంపెయ్’ అన్నాడు, టీతో పాటు సమోసా చెప్పినంత తేలిగ్గా.

ఇంజనీరు ప్రయత్నించాడు పాపం. ముక్కల్ని ఇంకా చిన్నవి చేశాడు. ఫోను పోగేసుకునేవాటిని తగ్గించాడు. ఆలస్యం సగానికి సగం తగ్గింది. మా ఆఫీసులో చూస్తే అద్భుతంగా ఉంది. ఆ సంతోషంలో ఎడ్లపాడు వైపు జరిగిన ఒక చిన్న పోటీకి అదే పద్ధతిలో పంపాం. ఊళ్లల్లో సిగ్నల్ మా ఆఫీసులో ఉన్నట్టు ఉండదని అప్పటికి మాకు తట్టలేదు. పోగేసుకున్న ముక్కలు అయిపోగానే ఫోన్లన్నిట్లో బొమ్మ ఆగిపోయి, తెర మధ్యలో చక్రం గిర్రున తిరగడం మొదలైంది. గిత్తలు కాలు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆఫీసు ఫోన్లు ఆగకుండా మోగాయి. ఒకాయన, ‘అమ్మా, మా గిత్త కాలెప్పుడు దింపుద్ది?’ అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రానికి ఇంజనీరు అన్నీ పాత పద్ధతికి మార్చేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

‘మేడమ్, ఫోన్‌ని ఇంతకంటే ముందుకు జరపడం నా వల్ల కాదు. ఈ సిగ్నల్‌తో ఎవరి వల్లా కాదు’ అన్నాడు.

పెద్ద పోటీలు దగ్గరికి వస్తున్నాయి. దుర్గి వైపు, సీనియర్స్ విభాగం, అంటే పెద్ద గిత్తలది. అన్నదమ్ములిద్దరి జతలూ ఉన్నాయి.

దారి దొరికింది మాత్రం ఒక భక్తి పాటల కార్యక్రమం వల్ల. మా చానెల్లో వారానికొకసారి జనం ఫోన్ చేసి పాటలు కోరుకునే లైవ్ ఉండేది. ఒకప్పుడు ఒకతను పాట అడిగే నెపంతో లైన్లోకి వచ్చి వాళ్ల సర్పంచిని అమ్మనా బూతులు తిట్టాడు. ఊరంతా విన్నది. అప్పటి నుంచి ఆ కార్యక్రమాన్ని కంప్యూటర్లో కొన్ని క్షణాలు పట్టి ఉంచి, ఆ తర్వాతే బయటికి వదిలేదాన్ని. ఎవరైనా నోరు జారితే కోసెయ్యడానికి నాకు వ్యవధి దొరికేది. ఆ వారం కార్యక్రమం నడుపుతూ, ఆలస్యం చేసే ఆ మీట మీద చెయ్యి పెట్టుకుని ఉండగా నాకు తట్టింది. ఫోన్‌ని ముందుకు జరపలేకపోతే కేబుల్‌ని వెనక్కి జరపొచ్చు కదా!

ఇంజనీరుకి చెబితే మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, ‘చెయ్యొచ్చు మేడమ్’ అన్నాడు. ఓనరుగారికి చెబితే కుర్చీలోంచి లేచాడు.

‘నీకేమన్నా మతిపోయిందా అమ్మాయ్? ఒక్క మనిషి ఫోన్ కోసం పేట మొత్తానికి ఆలస్యంగా చూపిస్తావా? నెల నెలా కట్టేవాళ్లు ఊరుకుంటారా?’

‘ఆలస్యమని వాళ్లకెట్టా తెలుస్తది సార్? పక్కింటి వాళ్లు ముందు అరిస్తేనే గదా తెలిసేది. పక్కింట్లోనూ మన కేబులే.’

ఆయన కాసేపు గోడ మీద టీవీ వైపు చూశాడు. ‘స్తంభం ఉంటది గదా?’ అన్నాడు. ‘ఉంటది’ అన్నాను. నిజానికి ఉంటుందో లేదో నాకూ తెలియదు.

ఇంకొక చిక్కుంది. ఫోన్లన్నీ ఒకే ఆలస్యంతో నడవవు. ఒక ఫోన్ కొంచెం ముందు, ఒక ఫోన్ కొంచెం వెనక. కేబుల్‌ని ఎంత వెనక్కి జరపాలో ఆఫీసులో కూర్చుంటే తెలియదు. చిన్నాయన ఫోన్ దగ్గరే తేల్చుకోవాలి. అందుకని పోటీ రోజు కంట్రోల్ రూమ్ బల్ల ఇంజనీరుకి అప్పజెప్పి, లైన్‌మేన్ బండి మీద ఆ ఊరికి బయల్దేరాను. నా ఉద్యోగంలో లైవ్ నడుస్తుండగా నేను బల్ల దగ్గర లేనిది ఆ ఒక్కసారే.

మేం చేరేసరికి ఎండ మండిపోతోంది. పెద్దాయన ఇంటి కిటికీలు తీసి ఉన్నాయి. లోపల టీవీ హోరుగా మోగుతోంది. ఎదురింట్లో చిన్నాయన తన ఫోన్‌ని స్టీలు చెంబుకి ఆనించి నిలబెట్టి, దానికో చిన్న స్పీకర్ తగిలించాడు. చుట్టూ ఇంటిల్లిపాదీ. బొమ్మ నడుస్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే బొమ్మ పోతుందని, ‘ఎవరన్నా చేశారో కాళ్లిరగ్గొడతా’ అని చుట్టాలందరికీ ముందు రోజే చెప్పి ఉంచాడట. దుర్గిలో ఉన్న కొడుక్కి కూడా అదే హెచ్చరిక.

నేను వీధి మధ్యలో నిలబడ్డాను. చిన్న గిత్తల పోటీలు జరుగుతున్నాయి. అక్కడ మైకులో చెప్పే మాట పెద్దాయన ఇంట్లోంచి ముందు వస్తోంది. చాలాసేపటికి అదే మాట చిన్నాయన ఇంట్లోంచి వస్తోంది. నా ఫోన్లో ఇంజనీరు లైన్లో ఉన్నాడు.

‘పెంచు బాబూ... ఇంకా పెంచు... ఇంకొంచెం.’

అటుగా పోతున్న ఒక ముసలామె నన్ను చూసి ఆగింది. ‘ఏంది తల్లీ, నడివీధిలో ఎండలో నిలబడ్డావు?’

‘ఈ రెండిళ్ల టీవీలు కలుపుతున్నా పెద్దమ్మా.’

‘ఈ రెండిళ్లా?’ అంది ఆమె. ‘పోలీసోళ్ల వల్లే కాలా!’ అని కొంగు నెత్తిన కప్పుకుని వెళ్లిపోయింది.

పెంచినప్పుడల్లా కేబుల్ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయేది. పెద్దాయన పంచె ఎగగట్టుకుని బయటికి వచ్చాడు. తమ్ముడి పోలికే, ఇంకొంచెం పొడుగు.

‘ఏమ్మా, బొమ్మ ఆగి ఆగి వస్తందేంది?’

‘లైన్ సరిచేస్తున్నాం అన్నయ్యగారూ. సీనియర్స్ వచ్చేసరికి అయిపోద్ది.’

‘అయిపోవాలి. మా జతుంది’ అన్నాడు. ఆగి, ఎదురింటి వైపు చూడకుండా, ‘వాళ్లదీ ఉంది’ అని లోపలికి పోయాడు.

చివరికి ఒక క్షణంలో రెండు ఇళ్ల మైకులూ ఒకటైపోయాయి. ఒకే మాట నా రెండు చెవుల్లోకీ ఒకేసారి వచ్చింది. మీరు పెద్ద చానెళ్లలో పెద్ద పెద్ద పనులు చేస్తారు. నేను ఎండలో చెప్పులు కాలిపోతుంటే నిలబడి విన్న ఆ ఒక్క మాటకి ఎగిరి గంతేశాను. లైన్‌మేన్ చప్పట్లు కొట్టాడు. ‘ఆపెయ్ బాబూ, ఇంక ముట్టుకోకు’ అని ఇంజనీరుకి చెప్పాను.

చిన్నాయన భార్య గుమ్మంలోకి వచ్చి, ‘లోపలికి రా వదినా, వడదెబ్బ తగులుద్ది’ అని మజ్జిగ ఇచ్చింది. గుమ్మంలోనే కూర్చున్నాను. అక్కడి నుంచి రెండు ఇళ్లూ వినబడతాయి.

ముందు పెద్దాయన జత వచ్చింది. ఎదురింట్లో ఈలలు, కేకలు. ఇంట్లోంచి చిన్నాయన చెవులు రిక్కించి విన్నాడు. కేక వినబడిన క్షణంలోనే తన ఫోన్లోనూ గిత్తలు ఉరికాయి. ఆయన మొహంలో బిగువు కొంచెం సడలింది. నా వైపు చూసి తలాడించాడు. స్తంభం నిలబడిందనుకున్నాను. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

తర్వాత మూడో జతో నాలుగో జతో చిన్నాయనది. మొదట్లో బాగా లాగాయి. ఇంట్లో అందరూ లేచి నిలబడ్డారు. బరి చివర మలుపు తీసుకుని వెనక్కి వస్తుండగా ఎడమ వైపు గిత్త కాలు జారి ముందు మోకాళ్ల మీద పడింది. బండ బరువు, పక్క గిత్త లాగుడు, రెండూ దాని మెడ మీద పడ్డాయి.

‘అయ్యో!’

ఆ కేక నాకు ముందు నుంచీ వెనక నుంచీ ఒకేసారి వచ్చింది. ఈ ఇంట్లో ఎంత గట్టిగా అరిచారో ఎదురింట్లోనూ అంత గట్టిగా అరిచారు. చిన్నాయన ఫోన్ మీదికి వంగి, ‘పగ్గం వదలరా! ముందు పగ్గం వదులు!’ అని అరుస్తున్నాడు. అదే సమయంలో ఎదురింటి కిటికీలోంచి పెద్దాయన గొంతు అంతకంటే గట్టిగా వినబడింది. ‘పగ్గం వదలరా సన్నాసీ! దానికి మెడ పట్టేసింది! దాన్ని లేవనియ్యండ్రా!’

చిన్నాయన అరవడం ఆపేశాడు. కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి, చెవులు మాత్రం వీధి అవతల ఉన్నాయి.

‘లెయ్ నాయనా, లెయ్... లెయ్ నా తండ్రీ...’ అంటోంది ఆ గొంతు. ఇంతమంది వింటున్నారని పెద్దాయనకి తెలిస్తే అలా అనేవాడు కాదేమో. ఫోన్లో తోలేవాళ్లు పగ్గం వదిలారు. గిత్త ఒక కాలు నిలదొక్కుకుంది, రెండో కాలు నిలదొక్కుకుంది, లేచింది. లేచి, ఒళ్లు విదిల్చి, మళ్లీ లాగింది.

‘అద్దీ! లేచిందిరా! మన కొట్టంలో పుట్టిందిరా అది!’ అని ఎదురిల్లు దద్దరిల్లిపోయింది.

ఇటు ఇంట్లో మాత్రం ఎవరూ అరవలేదు. చిన్నాయన భార్య మెల్లగా, ‘అదేందయ్యా, మీ అన్న మన గిత్తలకి అరుస్తన్నాడు’ అంది.

ఆయన స్పీకర్ చప్పుడు తగ్గించాడు.

‘ఆ దూడ తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది ఆయనే గదా వదినా’ అని నాతో అంది. ‘పంపకాల్లో మాకొచ్చింది.’ మళ్లీ భర్త వైపు తిరిగి, ‘పోయినేడు మోకు తెగినప్పుడు కూడా ఆయన ఇట్టాగే అరిచాడేమో’ అంది.

చిన్నాయన ఫోన్ మీద నుంచి కళ్లు తీయకుండానే అన్నాడు.

‘అప్పటికి నాకు బొమ్మ రాలా.’

నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అర నిమిషం తేడా సరిచెయ్యడానికి వచ్చినదాన్ని. కేక ముందు వచ్చి కారణం తర్వాత వస్తే, ఏడుపు కూడా వెక్కిరింతలాగా వినబడుతుందని అంతకుముందు నాకెప్పుడూ తోచలేదు.

కాసేపటికి పెద్దాయన బయటికి వచ్చి తన ప్రహరీ దగ్గర నిలబడ్డాడు. ఎవరినీ పిలవలేదు. గొంతు మాత్రం సవరించుకున్నాడు. చిన్నాయన లేచి, నన్ను దాటుకుని, తన గేటు దగ్గరికి వెళ్లాడు. వీధిలో అటూ ఇటూ నిలబడ్డారు.

‘మోకాలు చూడమన్నావా?’ అన్నాడు పెద్దాయన.

‘ఇంకా చెప్పలా.’

‘పసుపూ నూనే కలిపి పెట్టమను. బండెక్కించేటప్పుడు కింద మెత్తగా గడ్డి పరవమను.’

‘ఆఁ.’

‘నీ కొడుకు నీ మాట వింటాడా?’

‘వినడు.’

‘అయితే ఫోన్ ఇయ్యి. నేను చెప్తా.’

చిన్నాయన వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చాడు. చెంబుకి ఆనించి ఉన్న ఫోన్ తీశాడు. ఇంకా లాగాల్సిన జతలు ఉన్నాయి. పిల్లలు ‘నాన్నా, బొమ్మ!’ అని మొత్తుకున్నారు. వినిపించుకోలేదు. స్పీకర్ తీగ పీకేసి, వీధి దాటి వెళ్లి అన్న చేతిలో పెట్టాడు. మేం అంత తంటాలు పడి సరిచేసిన బొమ్మ, ఎవరూ చూడకుండానే ఆగిపోయింది.

మొదటి బహుమతి కృష్ణ అవతలి నుంచి వచ్చిన ఒక జతకి వెళ్లింది. పెద్దాయన జతకి మూడో స్థానం. చిన్నాయన జతకి ఏ స్థానం వచ్చిందో అడిగినట్టు నాకు గుర్తులేదు, ఆ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడుకోలేదు. తిరిగి వస్తుంటే దారిలో లైన్‌మేన్ ఒక్కసారి మాత్రం, ‘అక్కా, రేపు చిన్నాయన తన ఇంటికి పెద్దాయన డాబా మీద నుంచి తీగ లాగమంటాడంటావా?’ అన్నాడు. ‘అంత తొందరగా కాదులే’ అన్నాను.

అన్నట్టే కాలేదు. పొలం గట్టు తగువు అలాగే ఉందని, మోటారు దగ్గర ఒకసారి మళ్లీ మాటా మాటా అనుకున్నారని లైన్‌మేన్ చెబుతుండేవాడు. కానీ గిత్తలకి పశువుల డాక్టరు వస్తే రెండు కొట్టాలూ చూసి వెళ్లేవాడట. స్తంభం సంగతి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కేబుల్‌ని మళ్లీ ముందుకు జరపమని ఓనరుగారు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆలస్యం అలాగే ఉండిపోయింది. పేట మొత్తం మీద కనిపెట్టింది ఒకే ఒక్కడు, మా వార్తలు చూసి కొట్లో గడియారం సరిచేసుకునే ఒక కిరాణా వ్యాపారి. వచ్చి అడిగితే, ‘అర నిమిషమే కదా బాబాయ్’ అన్నాను. ‘అర నిమిషం నీకు చిన్నదా?’ అని కోప్పడ్డాడు. కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? టీ తెప్పించి పంపించాను.

నేను విరమణ చెయ్యడానికి కొద్ది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం గురజాల వైపు పందేలు లైవ్ నడుస్తుండగా కంట్రోల్ రూమ్ ఫోన్ మోగింది. ఎత్తాను. వెనకాల మైకు హోరు, జనం కేకలు.

‘అమ్మాయ్, నేను, బెల్లంకొండ వైపు నుంచి. పెద్దాయన్ని.’

‘చెప్పండి అన్నయ్యగారూ. బొమ్మ ఆగిపోయిందా?’

‘ఆగలా. మా తమ్ముడు కొత్త ఫోన్ కొన్నాడమ్మా. అది టీవీ కంటే ముందే చూపిస్తంది. నా పక్కన కూర్చుని, నేను టీవీ చూస్తంటే, ఇప్పుడు పడిపోద్ది, ఇప్పుడు లేస్తదని ముందే చెప్పేస్తన్నాడు. నాకు పందెం చూసినట్టే లేదు.’

వెనకాల నుంచి, ‘అబద్ధం! ఒక్కసారే చెప్పా!’ అని చిన్నాయన గొంతు.

‘విన్నావు గదా?’ అన్నాడు పెద్దాయన. ‘నువ్వు ఏదన్నా చెయ్యగలవా అమ్మా?’

‘ఈసారి నా చేతిలో ఏం లేదన్నయ్యగారూ’ అన్నాను. ‘ఫోన్ లాగేసుకోండి.’

పెనుగులాట చప్పుడు, ఎవరిదో నవ్వు, ఏదో కింద పడిన మోత వినబడ్డాయి. ఆ తర్వాత లైన్ కట్ అయిపోయింది.